ఫైలు పేరును దిద్దే అధికారం ప్రోగ్రాముకు లేదు

సంపాదకులకు నమస్కారం.

ఫైళ్ళకు పేర్లు పెట్టడం గురించి మీ పత్రిక సాంకేతిక పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, అడ్డగీత, కిందిగీత మాత్రమే ఉండాలనీ, ఖాళీలు గానీ బ్రాకెట్లు గానీ తెలుగు అక్షరాలు గానీ ఉంటే కంప్యూటరుకు అర్థంకాక ఫైలు తెరుచుకోదనీ అందులో రాశారు. వాడుకరికి చెప్పిన జాగ్రత్తగా దాన్ని నేను తప్పుపట్టను. అన్ని వ్యవస్థల మధ్యా ఇబ్బంది లేకుండా తిరగగల గుర్తులంటూ యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ పేర్కొన్న 65 గుర్తులు కూడా సరిగ్గా అవే. నా అభ్యంతరమంతా వ్యాసకర్త చెప్పిన కారణం మీద. అలాంటి ఫైలు తెరుచుకోనప్పుడు చాలా సందర్భాల్లో తప్పు పేరుది కాదు, ఆ పేరును మధ్యలో చేత్తో పట్టుకున్న ప్రోగ్రాముది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆ ప్రోగ్రాము రాసినవారు ఎంచుకున్న లైబ్రరీ ఫంక్షనుది (ముందే రాసిపెట్టి ఉండే, పేరుతో పిలిచి వాడుకునే ప్రోగ్రాము ముక్కది), లేదా ఆ ఫంక్షను ఏం చేస్తుందో చదవకుండా పిలిచినవారిది. ప్రోగ్రామింగు నేర్చుకుంటున్న విద్యార్థులు మీ పేజీని చదువుతారు కాబట్టి ఈ తేడాను వివరంగా చెప్పడం అవసరమనుకుంటున్నాను.

లినక్స్‌లోనూ తక్కిన యూనిక్స్ వ్యవస్థల్లోనూ ఫైలు పేరు అంటే బైట్ల వరుస, అంతే. అందులో ఉండకూడని బైట్లు రెండే రెండు: పేరు ముగిసిందని తెలిపే 0, డైరెక్టరీలను విడదీసే ఏటవాలు గీతకు సంకేతమైన 47. ఖాళీ, ట్యాబు, కొత్త పంక్తి గుర్తు, తెరమీది రంగులు మార్చే నియంత్రణ సంకేతాలు, ఏ భాషలోనూ అక్షరం కాలేని బైట్లు, ఇవన్నీ అక్కడ చెల్లుతాయి. విండోస్ వాడే ఫైలు వ్యవస్థ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరు 16 బిట్ల ప్రమాణాల (యూనిట్ల) వరుస. అది ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రకారం సరైన పాఠమేనా అని అక్కడ కూడా ఎవరూ తనిఖీ చేయరు. ఈ రెండింటిలో దేనికీ తెలుగు అక్షరం వింత వస్తువు కాదు. వింత ఎక్కడ మొదలవుతుందంటే, ఈ ముడి వరుసను ప్రోగ్రామింగు భాష తన పాఠ్యరూపమైన స్ట్రింగుగా మార్చుకునే చోట.

ఇక్కడే నా వాదన మొత్తం ఉంది కాబట్టి ముందే చెబుతాను. ఫైలు పేరు మనిషికి చదువుకునే మాటే అయినా ప్రోగ్రాముకు మాత్రం తాళంచెవి. తాళంచెవి వంకరగా ఉందని సానపెట్టి నునుపు చేస్తే అది అందంగా తయారవుతుంది గానీ తాళం తెరవదు. డైరెక్టరీ నుంచి ఒక పేరును తెచ్చి ఇచ్చిన ఫంక్షను, అదే పేరును తిరిగి అందుకున్నప్పుడు అదే ఫైలును తెరవగలగాలి. ఈ రాకపోకలో ఒక్క బైటు కూడా మారకూడదు. తెరమీద చూపించడానికి పేరును ఎలా అలంకరించుకున్నా ఫరవాలేదు, ఆ అలంకరించిన రూపాన్ని తిరిగి ఫైలు తెరిచే ఫంక్షనుకు ఇవ్వనంతవరకు. ఇక పేరు నిజంగా ప్రమాదకరమైనదో పనికిరానిదో అయితే, లోపం ఇదీ అని చెప్పి నిరాకరించాలి, చెప్పాపెట్టకుండా మార్చేయకూడదు.

ఈ పరీక్షకు ఒక్కో భాష ఒక్కో విధంగా నిలబడుతుంది. రస్ట్ భాష ఫైలు పేరుకు మామూలు స్ట్రింగు కంటే వేరైన రకాన్నే కేటాయించింది. దాన్ని మామూలు స్ట్రింగుగా మార్చమని అడిగితే, మారకపోవచ్చు అనే సంగతిని ఫలితంలోనే చెబుతుంది; నష్టం జరిగినా ఫరవాలేదనుకుంటే పిలవాల్సిన ఫంక్షను పేరులోనే ఆ నష్టం ప్రస్తావన ఉంటుంది. ఈ విషయంలో అంత నిజాయితీ మరో ప్రధాన భాషలో నాకు కనిపించలేదు. పైథాన్ వేరే దారి పట్టింది. 2009లో వచ్చిన 3.1 వెర్షను నుంచి, యూటీఎఫ్-8గా (యూనికోడ్ సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతిలో) చదవలేని ప్రతి బైటునూ యూనికోడ్‌లో విడిగా అర్థంలేని ఒక ప్రత్యేక సంకేతంగా దాచి, పేరును తిరిగి వ్యవస్థకు పంపేటప్పుడు ఆ సంకేతాన్ని మళ్ళీ అసలు బైటుగా మార్చే ఏర్పాటు చేసింది. కనుక పైథాన్‌లో చెడిన పేరున్న ఫైలు కూడా చక్కగా తెరుచుకుంటుంది. అయితే అదే పేరును తెరమీద ముద్రించబోతే ప్రోగ్రాము లోపం ప్రకటించి ఆగిపోతుంది. ఇది చూసిన విద్యార్థులు పైథాన్‌ను తిట్టుకుంటారు. నిజానికి అది చేసినది సరైన పనే. పేరు పాఠం కాదన్న సంగతి వాళ్ళకు అప్పుడు తెలుస్తుంది.

జావా పాత ఫైలు తరగతి మాత్రం లినక్స్‌లో ఈ పరీక్షలో తప్పుతుంది. చదవలేని బైట్ల స్థానంలో ప్రశ్నార్థకం ఉన్న నల్లటి వజ్రం గుర్తును పెట్టి పేరు చేతికిస్తుంది. ఆ పేరుతో ఫైలు ఉందా అని మళ్ళీ అదే తరగతిని అడిగితే లేదంటుంది. 2011లో జావా 7తో వచ్చిన కొత్త ఫైలు లైబ్రరీ లోపల అసలు బైట్లనే ఉంచుకుంటుంది కాబట్టి, డైరెక్టరీ నుంచి తెచ్చుకున్న పాత్ (ఫైలు చిరునామా) వస్తువును స్ట్రింగుగా మార్చకుండా అలాగే వాడుకున్నంతవరకు చిక్కు రాదు. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో డైరెక్టరీని చదివే ఫంక్షను మామూలుగా యూటీఎఫ్-8 అనుకుని చదివి, కుదరనివాటిని ఆ వజ్రం గుర్తుగానే మారుస్తుంది; ముడి బైట్లు కావాలంటే బఫర్ రూపంలో ఇమ్మని మనమే అడగాలి. గో భాషలో స్ట్రింగు అంటేనే బైట్ల వరుస కనుక పేరు చెక్కుచెదరకుండా వస్తుంది, అయినా కథ అక్కడితో ముగియదు. ఆ పేర్లను జేసన్ అనే సమాచారం రాసిపెట్టే రూపంలో భద్రపరిస్తే గో ప్రామాణిక లైబ్రరీ చెల్లని బైట్లను ఏ హెచ్చరికా లేకుండా అదే వజ్రంగా మారుస్తుంది. ఫైళ్ళ జాబితాను ఇవాళ రాసిపెట్టుకుని రేపు దాన్ని చూసి తెరిచే ప్రోగ్రాముల్లో కొన్ని ఫైళ్ళు మాయమైనట్టు కనిపించడానికి ఇదొక కారణం.

విండోస్ సంగతిలో తెలుగువారికి ప్రత్యేకంగా తెలియాల్సిన విషయం ఒకటుంది. అక్కడ ఫైళ్ళను తెరిచే ఫంక్షన్లు చాలాకాలంగా రెండు జతలుగా ఉన్నాయి. ఒక జత యూనికోడ్ పేర్లు తీసుకుంటుంది, మరో జత ఆ కంప్యూటరులో అమరి ఉన్న పాత ఎనిమిది బిట్ల సంకేతపట్టికలో రాసిన పేర్లు తీసుకుంటుంది. సీ భాషలోని ఎఫ్‌ఓపెన్ అక్కడ మామూలుగా రెండో జతకే చెందుతుంది. గ్రీకు, రష్యన్, అరబిక్ లిపులకు అలాంటి పాత పట్టికలున్నాయి గానీ తెలుగు విండోస్‌లోకి యూనికోడ్ ద్వారానే వచ్చింది. అలా అమర్చుకోగల పాత పట్టిక దానికి లేదు. అందువల్ల ఆ దారిలో వెళ్ళిన తెలుగు అక్షరం ప్రతిదీ ప్రశ్నార్థకంగా మారుతుంది. విండోస్‌లో ఫైలు పేరులో వాడకూడని గుర్తుల్లో ప్రశ్నార్థకం ఒకటి కావడంతో, పేరు తప్పుగా కనిపించడంతో ఆగకుండా ఫైలు అసలు తెరుచుకోదు. పైథాన్ 2లో మామూలు స్ట్రింగుతో డైరెక్టరీని చదివినవారికి ఈ ప్రశ్నార్థకాల వరుసలు బాగా పరిచయం. పైథాన్ 3.6 నుంచి విండోస్‌లో కూడా ఫైలు పేర్ల బైట్లను యూటీఎఫ్-8గానే తీసుకుంటున్నారు. విండోస్ 10 1903 వెర్షను నుంచి ఏ ప్రోగ్రాము అయినా తనకు యూటీఎఫ్-8 పట్టికే కావాలని ప్రకటించుకోవచ్చు. తెలుగు పేరున్న ఫైలు తెరవలేని కొత్త ప్రోగ్రాము విండోస్‌లో ఇవాళ ఎదురైతే, సాకు చెప్పడానికి దానికి పెద్దగా మిగిలింది లేదు.

ఇంతవరకు చెప్పినవి తెలియక జరిగే తప్పులు. పేర్లను "శుభ్రం" చేసే ఫంక్షన్ల వ్యవహారం వేరు, అవి కావాలనే మారుస్తాయి. వాడుకరులు పంపే ఫైళ్ళను స్వీకరించే వెబ్‌సైట్లు ఇలాంటి ఫంక్షన్లను వాడతాయి. డైరెక్టరీ దాటి పోయే పేర్లనుంచి రక్షణ కోసం పేరును వడకట్టడం అవసరమే. అయితే వడపోత ఎవరి లిపిని దృష్టిలో పెట్టుకుని రాసిందో ఫలితం చూస్తే తెలిసిపోతుంది. పైథాన్‌లో విరివిగా వాడే వెర్క్‌జోయిగ్ లైబ్రరీలోని సెక్యూర్ ఫైల్‌నేమ్ అనే ఫంక్షను ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉన్న పాత పట్టిక) కాని ప్రతి అక్షరాన్నీ పారేస్తుంది. "తెలుగు" అనే పేరుకు చివర పీడీఎఫ్ అనే ఇంగ్లీషు పొడిగింపు ఉంటే, మిగిలేది చుక్క కూడా లేని ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలే. పొడిగింపు లేకపోతే ఖాళీ స్ట్రింగు మిగులుతుంది. ఖాళీ పేరు రావచ్చని ఆ లైబ్రరీ వివరణలో రాసే ఉంది, చదివేవారికి.

వెబ్‌సైట్లు కట్టడానికి వాడే పైథాన్ లైబ్రరీ జాంగోలో ఇలాంటి ఫంక్షను ఇంతకంటే ఉదారంగా కనిపిస్తుంది. అది ఆస్కీకి పరిమితం కాకుండా యూనికోడ్‌లోని "పద అక్షరాల"న్నిటినీ ఉంచుతుంది. చిక్కేమిటంటే, పైథాన్ ప్రామాణిక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (నమూనాలతో వెతికే) లైబ్రరీ దృష్టిలో పద అక్షరం అంటే అచ్చులూ హల్లులూ అంకెలూ కిందిగీతా మాత్రమే. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అందులోకి రావు. వాటిని యూనికోడ్ చేర్పు గుర్తులుగా వర్గీకరించింది, ఆ వర్గం ఈ లెక్కలో లేదు. ఫలితంగా "తెలుగు" అనే పేరు "తలగ"గా బయటికొస్తుంది. పాట, పీట, పూట, పేట అనే నాలుగు వేర్వేరు ఫైళ్ళూ "పట" అనే ఒకే పేరుకు దిగుతాయి. ఇంగ్లీషు పేరులోంచి అచ్చులన్నీ తీసేసే ఫంక్షనును ఎవరైనా రాస్తే దాన్ని మొదటి రోజే లోపంగా నమోదు చేసేవారు. హిందీ, తమిళం, కన్నడం, బెంగాలీ లాంటి లిపులన్నిటికీ ఇదే గతి పడుతున్నా ఈ వడపోత నిశ్శబ్దంగా కొనసాగుతోంది. ఏ అక్షరాలు ఉండవచ్చో జాబితా రాసుకోవడం కంటే, ఏవి ఉండకూడదో, అంటే ఏటవాలు గీతలు, 0 బైటు, నియంత్రణ సంకేతాలు, రెండు చుక్కల డైరెక్టరీ పేరు, విండోస్ వద్దన్న గుర్తులు, వీటిని చూసి నిరాకరించడం నయమని నా అభిప్రాయం. అంతకంటే మేలైన పద్ధతి మరొకటుంది. డిస్కు మీద ప్రోగ్రామే పుట్టించిన ఒక సంఖ్యతో ఫైలును దాచి, వాడుకరి ఇచ్చిన పేరును డేటాబేసులో యథాతథంగా ఉంచుకోవడం.

చూపుకు ఒకేలా ఉండి బైట్లలో తేడా ఉన్న పేర్లది మరో పేచీ. తెలుగులో "సాఫ్ట్‌వేర్" లాంటి మాట రాసేటప్పుడు పొల్లు తరువాతి హల్లుతో కలిసి వత్తుగా మారకుండా ఉండటానికి ఒక అదృశ్య సంకేతాన్ని కొడతాం. కొన్నిచోట్ల ఆ సంకేతం ఉన్నా లేకపోయినా తెరమీద తేడా తెలియదు. ఒకే డైరెక్టరీలో కంటికి ఒకే పేరుతో రెండు ఫైళ్ళు ఉండటం ఆ విధంగా సాధ్యమే, అది లోపం కూడా కాదు. పైథాన్‌లో పేరును రెప్ర్ అనే ఫంక్షను ద్వారా చూస్తే ఆ సంకేతం బయటపడుతుంది. ఐత్వం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. తెలుగు గుణింతపు గుర్తులన్నిటిలో యూనికోడ్ రెండు విధాలుగా రాయనిచ్చేది ఐత్వాన్ని ఒక్కదాన్నే: ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వమూ దానికింది గుర్తూ అని రెండు సంకేతాలుగా రాయవచ్చు. రెండూ సమానమేనని ప్రమాణం చెబుతుంది. లినక్స్ ఫైలు వ్యవస్థ మామూలుగా ఆ సమానత్వాన్ని పట్టించుకోదు, బైట్లు వేరైతే ఫైళ్ళు వేరు. ఆపిల్ పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలోకి మార్చి దాచేది. 2017 నుంచి మాక్‌లలోకి వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన రూపాన్నే దాచి, వెతికేటప్పుడు మాత్రం రెండింటినీ ఒకటిగా చూస్తుంది. పేర్లను పోల్చాలనుకునే ప్రోగ్రాము పోల్చడం కోసం మాత్రమే వాటిని ఒకే రూపానికి తెచ్చుకోవాలి. తెరవడానికి డైరెక్టరీ ఇచ్చిన రూపాన్నే వాడాలి. పోలికకు తెచ్చుకున్న రూపాన్నే తెరవడానికీ వాడటం ఎందరో చేసే పొరపాటు.

ఇదంతా పండితుల చర్చ అనుకునేవారికి 2014 డిసెంబరులో బయటపడిన గిట్ (ప్రోగ్రాముల మార్పులను నమోదు చేసే ఉపకరణం) భద్రతా లోపాన్ని గుర్తుచేస్తాను. గిట్ తన అంతర్గత సమాచారాన్ని చుక్కతో మొదలయ్యే ఒక ప్రత్యేక డైరెక్టరీలో పెట్టుకుంటుంది, బయటినుంచి వచ్చిన ప్రాజెక్టు ఏదీ ఆ పేరుతో ఫైళ్ళు తేకుండా అడ్డుకుంటుంది. ఆ పేరునే పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే గిట్‌కు అది వేరే పేరు, విండోస్‌కూ మాక్‌కూ మాత్రం అదే పేరు. అంతేకాదు, పైన చెప్పిన అదృశ్య సంకేతాన్ని ఆ పేరు మధ్యలో పెడితే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ దాన్ని లెక్కచేయకుండా అసలు డైరెక్టరీలోకే దారి ఇచ్చేది. ఆ దారిలో దుండగుడు తన ఆదేశాలను ఇతరుల కంప్యూటర్లలో నడిపించగలిగే స్థితి వచ్చింది. గిట్ 2.2.1లో దాన్ని సరిచేశారు. పేరు ఒకటేనా కాదా అన్నది లైబ్రరీ తన లెక్కలో తేల్చుకుని, ఫైలు వ్యవస్థ మరో లెక్కలో తేల్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. గిట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న మాట. అది తెలుగు పేర్లను తెరమీద "\340\260\244" వంటి అంకెల వరుసలుగా చూపిస్తే కంగారుపడనక్కరలేదు. అది "త" అక్షరపు మూడు బైట్లు, అష్టాంశ పద్ధతిలో. పేరు చెడలేదు, చూపించే పద్ధతి అంతే. ఒక అమరికతో దాన్ని ఆపవచ్చు.

పేరును ఆదేశంగా పొరబడే ఫంక్షన్లు మరో తెగ. పెర్ల్ భాషలో ఫైలు తెరిచే ఫంక్షనుకు రెండే విలువలు ఇచ్చే పాత పద్ధతిలో, పేరు చివర నిలువు గీత ఉంటే పెర్ల్ దాన్ని ఫైలుగా కాక నడపాల్సిన ప్రోగ్రాముగా తీసుకునేది. మొదట్లో బాణం గుర్తు ఉంటే చదవడానికి బదులు రాయడానికి తెరిచి, ఉన్న సమాచారాన్ని తుడిచేసేది. 2000లో వచ్చిన 5.6 వెర్షను మూడు విలువల పద్ధతిని తెచ్చి ఆ ముప్పును తప్పించింది, పాత పద్ధతి మాత్రం ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. పీహెచ్‌పీలో పేరు మధ్య 0 బైటును చొప్పిస్తే, భాష మొత్తం పేరును చూసి అది బొమ్మ ఫైలని అనుకునేది, లోపలి సీ ఫంక్షను 0 వరకే చదివి మరో ఫైలును తెరిచేది, 2010లో 5.3.4 వెర్షనుతో ఆ దారి మూసుకుంది. పేర్లను నమూనాతో వెతికే పైథాన్ గ్లాబ్ ఫంక్షను చదరపు బ్రాకెట్లను నమూనా గుర్తులుగా చూస్తుంది కాబట్టి, బ్రాకెట్లలో సంవత్సరం రాసి ఉన్న డైరెక్టరీని అలాగే ఇస్తే లోపమేమీ చెప్పకుండా ఖాళీ జాబితా ఇస్తుంది. దీనికి మందుగా 3.4 నుంచి ఎస్కేప్ అనే తోడు ఫంక్షను ఉంది. ఇక అడ్డగీతతో మొదలయ్యే పేరు సంగతి షెల్ (ఆదేశాలను టైపు చేసి నడిపే ప్రోగ్రాము) వాడేవారందరికీ తెలిసినదే: నక్షత్రం గుర్తు విస్తరించినప్పుడు అలాంటి ఫైలు పేరు ఆదేశానికి ఒక ఐచ్ఛికంగా చేరిపోతుంది, పేరుకు ముందు చుక్కా ఏటవాలు గీతా పెడితే ఆ బెడద ఉండదు. బయటి ప్రోగ్రామును పిలిచేటప్పుడు మొత్తం ఆదేశాన్ని ఒకే స్ట్రింగుగా కూర్చి షెల్‌కు ఇవ్వకుండా విలువలను జాబితాగా ఇస్తే, ఖాళీలూ కొటేషన్లూ ఉన్న పేర్లతో తలనొప్పే రాదు.

పాత్‌ను కలిపే, విడదీసే ఫంక్షన్ల గురించి వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. అవి అమాయకంగా కనిపిస్తాయి, అయినా అన్ని భాషల్లోనూ ఒకేలా ఉండవు. మన డైరెక్టరీ పేరుకు, ఏటవాలు గీతతో మొదలయ్యే వాడుకరి పేరును కలపమంటే పైథాన్, రస్ట్ రెండూ మన డైరెక్టరీని పూర్తిగా వదిలేసి వాడుకరి ఇచ్చినదాన్నే ఫలితంగా ఇస్తాయి. గో మాత్రం రెండింటినీ నిజంగానే కలుపుతుంది. చుక్కతో మొదలయ్యే ".ప్రొఫైల్" లాంటి పేరుకు పొడిగింపు ఏమిటని అడిగితే పైథాన్ ఏమీ లేదంటుంది, గో పేరంతా పొడిగింపే అంటుంది. సీ భాషలో బేస్‌నేమ్ అనే పేరుతో రెండు ఫంక్షన్లున్నాయి. చివర ఏటవాలు గీత ఉన్న పాత్ ఇస్తే పోసిక్స్ ఫంక్షను ఆ గీతను వదిలి ముందున్న పేరును ఇస్తుంది, గ్నూ ఫంక్షను ఖాళీ స్ట్రింగు ఇస్తుంది. ఏది పనిచేస్తుందన్నది ఏ హెడర్ ఫైలును చేర్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. పీహెచ్‌పీ బేస్‌నేమ్ ప్రాంతీయ అమరికను బట్టి నడుస్తుంది కాబట్టి అమరిక సరిగ్గా లేనిచోట బహుళ బైట్ల పేర్లను తప్పుగా కోయవచ్చని ఆ భాష వివరణలోనే హెచ్చరించారు.

కొలత విషయంలో తెలుగు పేరుకు నిజంగానే కొంత ఇబ్బంది ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. లినక్స్‌లో సాధారణంగా పేరుకు 255 బైట్లే హద్దు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు, గుణింతపు గుర్తుకూ పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు. "శ్రీ" అనే ఒక్క అక్షరానికి నాలుగు సంకేతాలు, 12 బైట్లు పడతాయి. మొత్తం మీద పేరులో 85 సంకేతాలకు మించి పట్టవు. ఎన్‌టీఎఫ్‌ఎస్ 255 ప్రమాణాలను లెక్కిస్తుంది, తెలుగు సంకేతం అక్కడ ఒక్క ప్రమాణమే. అక్కడ హాయిగా ఉన్న పొడవాటి పేరు లినక్స్‌కు కాపీ కాదు. పేర్లను కూడా గుప్తీకరించే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ వాడితే హద్దు 143 బైట్లకు పడిపోతుంది, అంటే 47 తెలుగు సంకేతాలు. ఇలాంటి చోట పేరును 255వ బైటు దగ్గర కత్తిరించే ప్రోగ్రాములున్నాయి. కోత అక్షరం మధ్యలో పడితే చెల్లని యూటీఎఫ్-8 పుడుతుంది, పైన చెప్పిన వజ్రాల కథ అక్కణ్ణుంచి మళ్ళీ మొదలవుతుంది.

జిప్ ఫైళ్ళలో తెలుగు పేర్లు పిచ్చిగీతలుగా మారడానికి కారణం కూడా ఊహలో ఉంది. జిప్ శీర్షికలో పేరు యూటీఎఫ్-8 అని చెప్పే ఒక బిట్ ఉంది. జిప్ తయారుచేసిన ప్రోగ్రాము దాన్ని వెలిగించకపోతే, పైథాన్ జిప్‌ఫైల్ లైబ్రరీ పేరును పాత ఐబీఎం పీసీ నాటి 437వ సంకేతపట్టికలో చదువుతుంది. వేరే పట్టికలో చదవమని చెప్పే అవకాశం 3.11లో వచ్చింది. జిప్ లాగే ఫైళ్ళను మూటకట్టే టార్ ఫైళ్ళది ఇంతకంటే తీవ్రమైన సమస్య. లోపలి పేరులో "../" ఉంటే బయటి డైరెక్టరీల్లోకి రాయగలిగే లోపం 2007లోనే నమోదై ఉన్నా, సురక్షితమైన వడపోతను పైథాన్ 3.12 ఐచ్ఛికంగా ఇచ్చింది, 3.14లో గానీ అది అప్రమేయ పద్ధతి కాలేదు.

విండోస్‌లోని నిషిద్ధ పేర్ల గురించి మీ వ్యాసకర్త బాగానే రాశారు, దానికి కలపాల్సింది కొద్దిగానే ఉంది. కన్సోలు, ప్రింటరు వంటి పరికరాల పేర్లు ఏ డైరెక్టరీలోనైనా నిషిద్ధం కావడానికి కారణం, 1981 నాటి మొదటి ఎంఎస్-డాస్‌లో డైరెక్టరీలే లేకపోవడం. అవి 1983లో 2.0తో వచ్చేసరికి ప్రోగ్రాములన్నీ పరికరాల పేర్లను ఎక్కడినుంచైనా వాడటానికి అలవాటు పడ్డాయి. పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ ఉంటే విండోస్ దాన్ని చెప్పకుండా తీసేస్తుందన్నది కూడా వ్యాసంలో చేర్చాల్సిన విషయం. అంటే, నేను తప్పుపడుతున్న నిశ్శబ్ద మార్పును అక్కడ ఆపరేటింగ్ సిస్టమే చేస్తోంది.

అసలు ఇన్ని రకాల పేర్లను అనుమతించడమే తప్పు, వ్యవస్థే కట్టడి చేయాలి అనేవారున్నారు. కొత్త పంక్తి గుర్తు విషయంలో నేను వారితో ఏకీభవిస్తాను. ఏ మనిషీ కోరుకుని అలాంటి పేరు పెట్టడు, పేర్ల జాబితాను పంక్తికొకటిగా రాసే ప్రతి ప్రోగ్రామూ దానివల్ల దెబ్బతింటుంది. 2024 పోసిక్స్ ప్రమాణం అలాంటి పేర్లతో కొత్త ఫైళ్ళు సృష్టించడాన్ని నిరాకరించేలా ఉపకరణాలను ప్రోత్సహించింది, పేర్లను 0 బైటుతో విడదీసి పంపే పద్ధతిని ఫైండ్, ఎక్స్‌ఆర్గ్స్ ఆదేశాలకు చేర్చింది. ఈ రెండో పని ఎప్పుడో జరగాల్సింది. కానీ కట్టడి అనే మాట అక్కణ్ణుంచి ఖాళీలకూ బ్రాకెట్లకూ, చివరికి ఆస్కీ కాని లిపులన్నిటికీ పాకితే మాత్రం అది సౌకర్యం కోసం చేసే అన్యాయం. ఉన్న ఫైళ్ళ పేర్లు ఎలాగూ మారవు, వాటిని తెరవాల్సిన ప్రోగ్రాములకు ఈ జ్ఞానం అవసరమే.

అందువల్ల మీ సాంకేతిక పేజీవారికి నా విన్నపం ఒకటే. ఆ వ్యాసానికి కొనసాగింపుగా ప్రోగ్రాములు రాసేవారిని ఉద్దేశించి మరొకటి వేయండి. అందులో ఒక పరీక్షా డైరెక్టరీని ఇవ్వండి: మధ్యలో ఖాళీ ఉన్న పేరు, అడ్డగీతతో మొదలయ్యే పేరు, చదరపు బ్రాకెట్లున్న పేరు, కొత్త పంక్తి గుర్తున్న పేరు, ఐత్వాన్ని రెండు విధాలా రాసిన జంట పేర్లు, అదృశ్య సంకేతం ఉన్నదీ లేనిదీ, 85 సంకేతాల తెలుగు పేరు, చెల్లని యూటీఎఫ్-8 బైటున్న పేరు. తాము రాసిన ప్రోగ్రామును విద్యార్థులు ఈ డైరెక్టరీ మీద నడిపి, ప్రతి ఫైలూ తెరుచుకుందో లేదో, తెరుచుకోకపోతే ప్రోగ్రాము ఆ సంగతి చెప్పిందో లేదో చూసుకోవాలి.

ఇట్లు,
ప్రోగ్రామింగు బోధించే ఒక పాఠకుడు